అయ్యప్ప దీక్ష, శబరిమల యాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

కార్తీకం దగ్గర పడితే చాలు, పీఠాల (స్వాములు కలిసి పూజలు చేసుకునే చోట్ల) దగ్గరా వాట్సాప్ గ్రూపుల్లోనూ అవే సందేహాలు మళ్లీ మొదలవుతాయి. ఒక గురుస్వామి ఒకటి చెబుతారు, పక్క ఊరి గురుస్వామి ఇంకోటి చెబుతారు. మొదటిసారి మాల వేసుకున్న కన్నెస్వామి మధ్యలో నలిగిపోతాడు. చాలా సందేహాలకు మూలం ఒక్కటే: శబరిమల సన్నిధానంలో, అంటే కొండ మీది గుడిలో, ఉన్న నియమం ఏది, మన పీఠాల్లో పెరిగిన ఆనవాయితీ ఏది అన్నది ఎవరూ విడదీసి చెప్పరు. ఆ తేడా వచ్చిన ప్రతిచోటా ఇక్కడ చెప్పేశాం.

## మాల వేసుకునే ముందు

అయ్యప్ప, ధర్మశాస్తా ఒకరేనా?

శబరిమలలో ఇద్దరినీ ఒక్కటిగానే కొలుస్తారు. హరిహరసుతుడైన శాస్తాను కేరళలో, తమిళనాట చాలా కాలంగా పూజిస్తున్నారు. పందళం రాజు రాజశేఖరుడికి పంబ ఒడ్డున దొరికిన మణికంఠుడు, మహిషి సంహారం, పులిపాల కోసం అడవికి వెళ్లడం, చివరికి శబరిమలలో శాస్తాలో లీనం కావడం అయ్యప్ప కథ. శాస్తా గుళ్లు ఇంకా ఉన్నాయి. కుళత్తుపుళలో బాలుడు, అచ్చన్‌కోవిల్‌లో పూర్ణా పుష్కలలతో గృహస్థు, శబరిమలలో బ్రహ్మచారి. దీక్షలో బ్రహ్మచర్యానికి అంత పట్టు ఎందుకో ఈ చివరి మాటలోనే ఉంది.

41 రోజులు చేయాల్సిందేనా? 21 రోజుల దీక్ష, ఏకదిన దీక్ష చెల్లవా?

శబరిమల సంప్రదాయం చెప్పేది 41 రోజుల మండల వ్రతమే. అర్ధమండలం, 11 రోజులు, ఒక్క రోజు దీక్షలు సెలవు దొరకని వాళ్ల కోసం పీఠాల్లో వచ్చిన సర్దుబాట్లు. అలా వచ్చినవాళ్లను మెట్ల దగ్గర ఎవరూ ఆపి లెక్క అడగరు. అయినా మొదటిసారి వెళ్లేవాళ్లు 41 రోజులూ చేస్తేనే మంచిదని మా అభిప్రాయం. తొలి వారం అలవాట్లతో పోరాటంలోనే గడిచిపోతుంది. దీక్ష ఒంటికి పట్టేది ఆ తర్వాతే.

మాల ఎప్పుడు వేసుకోవాలి?

దర్శనం ఏ రోజు అనుకుంటున్నారో చూసుకుని వెనక్కి లెక్కపెట్టుకోండి. మలయాళ వృశ్చిక మాసం మొదటి రోజు నుంచి, అంటే నవంబరు 16 లేదా 17 నుంచి, గుడిలో మండల కాలం మొదలవుతుంది. డిసెంబరు 26 లేదా 27న మండల పూజతో ముగుస్తుంది. గుడి మూసేసి, రెండు మూడు రోజుల తర్వాత సంక్రాంతికి జరిగే మకరవిళక్కు కోసం మళ్లీ తెరుస్తారు. జనవరి 20 ప్రాంతంలో నడ (గుడి తలుపులు) మూస్తారు. మండల కాలం మొదట్లోనే దర్శనం కావాలంటే కార్తీకం దాకా ఆగకుండా ముందే వేసుకోవాల్సి రావచ్చు. వారాల్లో బుధ, శనివారాలు, నక్షత్రాల్లో స్వామి జన్మనక్షత్రమైన ఉత్తర మంచివంటారు.

మండల కాలంలో రద్దీ భరించలేం. వేరే నెలల్లో వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. ప్రతి మలయాళ నెల మొదటి 5 రోజులు గుడి తెరుస్తారు. విషు, ఓణం పండుగలకు, మీన మాసంలో జరిగే ఉత్సవాలకు కూడా తెరిచి ఉంటుంది. వ్రతం మాత్రం ఎప్పుడైనా వ్రతమే.

తులసి మాలా, రుద్రాక్షా? నల్లబట్టలే కట్టాలా?

రెండు మాలల్లో ఏదైనా సరే, అయ్యప్ప ముద్ర ఉన్న లాకెట్‌తో వేసుకుంటారు. నలుపు మన దగ్గర దాదాపు యూనిఫాం అయిపోయింది గానీ నీలం, కాషాయం కట్టేవాళ్లూ ఉన్నారు. కేరళలో అయితే మెడలో మాల తప్ప మామూలు బట్టల్లోనే వ్రతం చేసేవాళ్లు చాలామంది కనిపిస్తారు. రంగు కోసం గొడవ పడక్కర్లేదు.

ఆడవాళ్లు మాల వేసుకోవచ్చా?

సంప్రదాయం ప్రకారం 10 ఏళ్లలోపు ఆడపిల్లలు, 50 దాటిన స్త్రీలు దీక్ష తీసుకుని శబరిమల వెళ్తారు. వాళ్లను మాలికాపురం అని పిలుస్తారు. ఈ రెండు వయసుల మధ్య ఉన్న స్త్రీలకు ప్రవేశం లేదన్న ఆచారాన్ని 1991లో కేరళ హైకోర్టు సమర్థించింది. 2018 సెప్టెంబరు 28న సుప్రీంకోర్టు 4–1 తీర్పుతో ఆ నిషేధాన్ని కొట్టేసింది. పునఃపరిశీలన పిటిషన్ల మీద 2019 నవంబరు 14న అందులోని ప్రశ్నలను విస్తృత ధర్మాసనానికి పంపింది. తీర్పు మీద ఎవరి అభిప్రాయం వారిది. భక్తుల్లో ఎక్కువమంది మాత్రం పాత పద్ధతినే పాటిస్తున్నారు.

గురుస్వామి లేకుండా నేనే గుళ్లో మాల వేసుకోవచ్చా?

పూజారి చేతో, తల్లి చేతో వేయించుకునేవాళ్లు ఉన్నారు. అందులో దోషం లేదు. కాకపోతే ఇరుముడి (తల మీద మోసుకెళ్లే రెండు అరల మూట) కట్టే రోజు, కొండెక్కే రోజు తెలిసినవాళ్లు పక్కన లేకపోతే కన్నెస్వామికి ఇబ్బంది. ఆరేడుసార్లు కొండకు వెళ్లొచ్చిన మనిషి ఒక్కరు తోడుంటే చాలు.

## దీక్ష నడుస్తుండగా

రోజుకు ఒక్కపూటే తినాలా? ఉల్లి, వెల్లుల్లి తినకూడదా?

మన పీఠాల్లో మధ్యాహ్నం భిక్ష (స్వాములకు పెట్టే భోజనం), రాత్రికి అల్పాహారం. ఉదయం పాలో టీయో తీసుకునేవాళ్లు ఎక్కువ. ఉల్లి, వెల్లుల్లి మానేస్తారు. మాంసం, గుడ్డు, మద్యం, సిగరెట్, గుట్కా పూర్తిగా నిషిద్ధం. వీటిలో సడలింపు ఏ సంప్రదాయంలోనూ లేదు. భిక్ష పేరుతో విస్తరి నిండా పాతిక రకాలు వడ్డించడం ఈ మధ్య పెరిగింది. తినగలిగినంతే పెట్టించుకోండి, ఆకులో వదిలేయడం దీక్షలో ఉన్నవాడికి తగదు.

షుగర్, బీపీ మాత్రలు వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు కాదు, వేసుకోవాలి. మందులు ఆపమని ఏ నియమమూ చెప్పదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఏకభుక్తం జోలికి పోకుండా డాక్టర్ చెప్పిన వేళలకు సాత్వికాహారం తినాలి. చన్నీటి స్నానం పడనివాళ్లు, ఆస్తమా ఉన్నవాళ్లు గోరువెచ్చటి నీళ్లు పోసుకుంటే వ్రతం చెడదు.

ఆఫీసుకు చెప్పులు లేకుండా వెళ్లలేను, గడ్డం తీయక తప్పదు. ఏం చేయాలి?

చెప్పులు వదలడం, గడ్డం, జుట్టు, గోళ్లు తీయకపోవడం, నేల మీద చాప వేసుకుని పడుకోవడం ఇవన్నీ దేహసుఖాన్ని తగ్గించుకోవడానికి పెట్టుకున్నవి. యూనిఫాం, బూట్లు తప్పని ఉద్యోగం అయితే డ్యూటీలో వేసుకుని, ఇంటికి రాగానే విడిచి స్నానం చేసి పూజకు కూర్చుంటారు. పోలీసులు, ఆర్టీసీ డ్రైవర్లు ఏళ్ల తరబడి ఇలాగే దీక్షలు చేస్తున్నారు. ఉద్యోగం ఎగ్గొట్టడానికి మాల సాకు కాకూడదు.

ఇంట్లో ఆడవాళ్లు నెలసరిలో ఉంటే స్వామి బయటికి వెళ్లిపోవాలా?

చాలా ఇళ్లలో ఆ నాలుగైదు రోజులు స్వాములు పీఠంలో ఉంటారు, లేదా విడిగా వండుకుంటారు. ఇది మన ఇళ్ల ఆనవాయితీ. పాటించాలనుకుంటే ఆ సర్దుబాటు స్వామే చేసుకోవాలి. ఇల్లాలిని వసారాలోకి పంపి, పిల్లల్ని ఆవిడ మీదే వదిలేసి, తాను నియమం పాటిస్తున్నానని చెప్పుకోవడం అన్యాయం. తెల్లవారుజామున నాలుగింటికి లేచి మడిగా వండి పెడుతున్నది చాలా ఇళ్లలో ఆవిడే.

దగ్గరివాళ్లు పోతే మాల తీసేయాలా?

మైల వచ్చే బంధుత్వమైతే మాల తీసి స్వామి పటం ముందు పెట్టి, వెళ్లి చేయాల్సిన కర్మ చేయాలి. కొడుకుగా తలకొరివి పెట్టాల్సినవాడు దీక్ష పేరుతో ఆగకూడదు. తల్లిదండ్రులు పోయిన ఏడాది దీక్ష తీసుకోకపోవడం మన దగ్గర వాడుక. మైల లేని స్నేహితులు, దూరపువాళ్లు పోతే పరామర్శ తర్వాత స్నానం చేసి దీక్ష కొనసాగిస్తారు.

మాల తెగిపోయింది. అపశకునమా?

దారం పాతబడింది, అంతే. పూసలు ఏరి మళ్లీ గుచ్చించి, స్వామి దగ్గర పెట్టి శరణు చెప్పుకుని వేసుకోండి. రెండు మాలలు వేసుకునేది కూడా ఇందుకే.

పడిపూజ చేయించాల్సిందేనా? అప్పు చేసి అయినా?

అక్కర్లేదు. ఇంట్లో చేసే పడిపూజ శబరిమల 18 మెట్ల పూజకు మన దగ్గర వచ్చిన రూపం. అరటి బోదెలతో మండపం, మెట్ల మీద దీపాలు, భజన, భిక్ష ఉంటే అందంగానే ఉంటుంది. పీఠంలో పదిమందీ కలిసి ఒక్కటి చేసుకున్నా అదే పూజ. పక్కింటి స్వామి అయిదొందల మందికి పెట్టాడని మనమూ పెట్టాలనుకుంటే అది పోటీ అవుతుంది.

కన్నెస్వామి, కత్తిస్వామి అంటే ఏమిటి?

మొదటి యాత్ర చేసేవాడు కన్నెస్వామి, రెండో ఏడు కత్తి, మూడో ఏడు గంట, నాలుగో ఏడు గద. ఆ పైన పేర్లు ప్రాంతాన్ని బట్టి మారుతుంటాయి. 18వ యాత్రకు కొబ్బరి మొక్క తీసుకెళ్లి సన్నిధానంలో సమర్పించడం మాత్రం అంతటా ఉంది. గుంపులో ఎక్కువ మర్యాద కన్నెస్వామికే, ఇరుముడి కూడా చాలాచోట్ల ముందు అతనికే కడతారు.

## ఇరుముడి

ఇరుముడిలో ఏమేమి పెట్టాలి?

రెండు అరల సంచి. ముందు ముడి స్వామిది, వెనక ముడి మనది. ముందు ముడిలో నెయ్యి నింపిన కొబ్బరికాయ, బియ్యం, బెల్లం, పసుపు, కుంకుమ, కానుక. వెనక ముడిలో దారిలో కొట్టే కొబ్బరికాయలు, తినడానికి అటుకులు లాంటివి. కర్పూరం, అగరుబత్తీలు, పన్నీరు కట్టలు కట్టలుగా పెట్టేవారు. అవి సన్నిధానంలో వాడకుండానే పోగుపడి చెత్త అవుతున్నాయని 2024లో తంత్రి (గుడి ప్రధాన అర్చకుడు) వాటిని తేవద్దన్నారు. ప్లాస్టిక్ కవర్లు అసలే వద్దు, కాగితం పొట్లాలో చిన్న గుడ్డ సంచులో వాడండి.

నెయ్యి కొబ్బరికాయ ఎలా నింపాలి? దారిలో కారిపోతోంది.

ముదురు కాయ తీసుకుని, పీచంతా ఒలిచి, గాజు పెంకుతోనో చాకుతోనో నున్నగా గీకాలి. మూడు కళ్లలో మెత్తటిదాన్ని పొడిచి నీళ్లన్నీ వంచేసి, బోర్లించి బాగా ఆరనివ్వాలి. కారడానికి సగం కారణం లోపల తడి మిగలడమే. ఆవునెయ్యి కరిగించి గోరువెచ్చగా అయ్యాక సన్నటి ధారగా, శరణుఘోష చెబుతూ పోస్తారు. వేడివేడిగా పోస్తే చల్లారాక మట్టం దిగిపోతుంది. బిరడా గట్టిగా బిగించి, చుట్టూ మైనం పోసి, కాసేపు తలకిందులుగా పట్టుకుని చూడండి. వేలికి జిడ్డు తగలకపోతే ముడిలో పెట్టొచ్చు. కాయ దేహం, నెయ్యి జీవుడు అని పెద్దలు చెబుతారు. అందుకే ఇంటిల్లిపాదీ తలా ఒక చుక్క పోస్తారు.

ఇరుముడి తల మీద నుంచి ఎప్పుడు దించొచ్చు?

నిద్రకు, భోజనానికి, కాలకృత్యాలకు దించక తప్పదు. శుభ్రమైన చోట, గుడ్డ పరిచి దించాలి. ఎత్తేటప్పుడు, దించేటప్పుడు గురుస్వామో తోటి స్వామో చెయ్యి వేస్తారు. బస్సులో, రైల్లో ఒళ్లో పెట్టుకోవచ్చు, కాళ్ల దగ్గర పెట్టకండి.

## ప్రయాణం

వర్చువల్ క్యూ టికెట్ తప్పనిసరా?

ముందే ఆన్‌లైన్‌లో చేసుకోండి. తిరువాంకూరు దేవస్వం బోర్డు అధికారిక సైట్‌లో ఆధార్ లాంటి గుర్తింపు కార్డుతో తేదీ, సమయం ఎంచుకోవాలి. స్పాట్ బుకింగ్ ఉన్నా రోజుకు ఇంతమందికే అని పరిమితి పెడతారు, ఆ సంఖ్య సీజన్ మధ్యలో కూడా మారుతుంది. రైలు టికెట్ల కన్నా ముందు దర్శనం తేదీ ఖాయం చేసుకోవడం తెలివైన పని.

రైల్లో వెళ్తే ఎక్కడ దిగాలి? సొంత బండి పంబ దాకా వెళ్తుందా?

చెంగన్నూరు, కొట్టాయం ఎక్కువమంది దిగే స్టేషన్లు. సీజన్‌లో తెలుగు రాష్ట్రాల నుంచి కొల్లం వరకు ప్రత్యేక రైళ్లు కూడా వేస్తుంటారు. అక్కడి నుంచి కేరళ ఆర్టీసీ బస్సులు ఉంటాయి. సొంత బండ్లకు ప్రధాన పార్కింగ్ నిలక్కల్‌లో. అక్కడి నుంచి పంబకు దాదాపు 20 కిలోమీటర్లు ఆర్టీసీ బస్సులు వరసగా తిరుగుతూనే ఉంటాయి.

పెద్దపాదం, చిన్నపాదం తేడా ఏమిటి? మొదటిసారి పెద్దపాదం వెళ్లాలా?

పంబ నుంచి సన్నిధానానికి దాదాపు 5 కిలోమీటర్ల ఎక్కుడు చిన్నపాదం. ఎరుమేలి నుంచి కాళకెట్టి, అళుదా నది, కరిమల మీదుగా అడవిలో నడిచి పంబకు చేరేది పెద్దపాదం. అది 40 కిలోమీటర్ల పైచిలుకే. అళుదా నదిలో మునిగి ఒక రాయి తీసుకుని, కల్లిడుంకుండ్రు దగ్గర విసురుతారు. కరిమల ఎక్కడం కన్నా దిగడం కష్టం, మోకాళ్లు పట్టేస్తాయి. ఏనుగులు తిరిగే పెరియార్ అడవి కాబట్టి అటవీశాఖ చెప్పిన వేళల్లోనే, గుంపుగా నడవాలి. కన్నెస్వామి తప్పకుండా పెద్దపాదమే వెళ్లాలన్న నియమం లేదు. నడక అలవాటున్నవాళ్లు జీవితంలో ఒక్కసారైనా వెళ్లండి, ఆ దారి వేరు.

ఎరుమేలిలో మసీదుకు ఎందుకు వెళ్తారు?

వావరు స్వామి అయ్యప్పకు మిత్రుడు, ముస్లిం. ఎరుమేలిలో ఒంటికి రంగులు పూసుకుని పేటతుళ్లి అనే నృత్యం ఆడిన స్వాములు వావరు మసీదుకు ప్రదక్షిణ చేసి ముందుకు కదులుతారు. సన్నిధానంలో కూడా వావరు నడ ఉంది, అక్కడ మిరియాలు సమర్పిస్తారు. వెళ్లకూడదని ఈ మధ్య కొందరు ప్రచారం చేస్తున్నారు. శబరిమల సంప్రదాయంలో భాగమైనదాన్ని కాదనడం ఎందుకో వాళ్లే చెప్పాలి.

పంబలో స్నానం చేసి బట్టలు వదిలేయాలా?

వద్దు. అది ఆచారమే కాదు. నదిలో బట్టలు పడేయడాన్ని కేరళ హైకోర్టు నిషేధించింది, కేసు కూడా పెడతారు. స్నానం చేసి, పితృదేవతలకు తర్పణం వదలాలనుకుంటే వదిలి, తడిబట్టలు పిండి సంచిలో పెట్టుకోండి. పంబ గణపతికి మొక్కి కొండ ఎక్కడం మొదలుపెడతారు.

గుండె జబ్బు ఉంది. కొండ ఎక్కగలనా?

బయల్దేరే ముందు డాక్టర్‌ను అడగండి. నీలిమల, అప్పాచిమేడు చాలా నిటారుగా ఉంటాయి, ఏటా గుండెపోట్లు వస్తున్నది అక్కడే. దీక్ష మొదలైన రోజు నుంచే రోజూ అరగంట నడక పెట్టుకుంటే సగం భయం పోతుంది. కడుపునిండా తిని ఎక్కకండి, పది అడుగులకోసారి ఆగినా సిగ్గుపడకండి. దారిలో వైద్య కేంద్రాలు, ఆక్సిజన్ ఇచ్చే చోట్లు ఉంటాయి. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగడం అనిపిస్తే శరణు చెప్పుకుంటూ ముందుకు పోవడం కాదు, వెంటనే కూర్చుని పక్కవాళ్లను పిలవండి. పెద్దవాళ్లకు డోలీ ఉంది. నీలిమల బదులు స్వామి అయ్యప్పన్ రోడ్డు వాలు తక్కువ.

## సన్నిధానంలో

ఇరుముడి లేకుండా 18 మెట్లు ఎక్కొచ్చా?

ఎక్కనివ్వరు. ఇది ఆనవాయితీ కాదు, శబరిమల నియమం. తంత్రి, పందళం రాజవంశీకులు లాంటి కొద్దిమందికే మినహాయింపు. ఇరుముడి లేనివాళ్లు ఉత్తరం వైపు మెట్ల గుండా వెళ్లి స్వామిని చూడొచ్చు. దర్శనం ఒకటే.

18 మెట్లకు అర్థం ఏమిటి?

ఎక్కువగా చెప్పేది ఇది: మొదటి 5 ఇంద్రియాలు, తర్వాతి 8 కామక్రోధాది అష్టరాగాలు, ఆపై 3 గుణాలు, చివరి రెండు విద్య, అవిద్య. అవన్నీ దాటి పైకి వస్తే గుడి ముందు ‘తత్త్వమసి’ అన్న అక్షరాలు కనిపిస్తాయి. రాతి మెట్లకు 1985లో పంచలోహ తాపడం చేశారు. రద్దీలో ఒక్కో మెట్టు మీద ఆగి ధ్యానించే వీలుండదు, పోలీసులు చెయ్యి అందించి పైకి లాగేస్తారు. ఇది ముందే తెలిసి వెళ్తే నిరాశ ఉండదు.

నెయ్యాభిషేకం ఎప్పుడు? సాయంత్రం చేరితే ఎలా?

నెయ్యాభిషేకం తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం లోపలే. సాయంత్రం చేరినవాళ్లు రాత్రి అక్కడే ఉండి పొద్దున చేయించుకుంటారు. ఆగలేనివాళ్లు నెయ్యి కౌంటర్లో ఇచ్చి అభిషేకం చేసిన నెయ్యి తీసుకోవచ్చు. పగలగొట్టిన కాయలో ఒక చిప్పను మెట్ల దగ్గర ఎప్పుడూ మండే ఆళి అనే అగ్నిగుండంలో వేస్తారు. రాత్రి ఉంటే నడ మూసేముందు హరివరాసనం తప్పకుండా వినండి. పాట చివరికొచ్చేసరికి గర్భగుడిలో దీపాలు ఒక్కొక్కటిగా తగ్గిస్తారు.

శరంగుత్తిలో శరం ఎందుకు గుచ్చుతారు?

మహిషి రూపం వదిలిన మాలికాపురత్తమ్మ స్వామిని పెళ్లాడమని కోరిందట. కన్నెస్వామి ఎవరూ కొండకు రాని ఏడాది చేసుకుంటానని స్వామి మాట ఇచ్చాడట. ఎరుమేలి నుంచి తెచ్చిన శరాలను కన్నెస్వాములు శరంగుత్తిలో గుచ్చుతారు. అమ్మ ఏటా ఊరేగింపుగా వచ్చి, ఆ శరాలు చూసి వెనుదిరుగుతుందని కథ. సన్నిధానం పక్కనే ఉన్న ఆమె గుడిలో కొబ్బరికాయ కొట్టరు, నేల మీద దొర్లిస్తారు.

మకరజ్యోతి మనుషులే వెలిగిస్తారా?

రెండు వేరు వేరు విషయాలు కలిసిపోయాయి. మకరజ్యోతి సంక్రాంతి సాయంత్రం ఆకాశంలో కనిపించే నక్షత్రం. మకరవిళక్కు ఎదురుగా పొన్నంబలమేడు మీద మూడుసార్లు కనిపించే దీపం. అది మనుషులు వెలిగించే హారతేనని 2011లో దేవస్వం బోర్డు కేరళ హైకోర్టుకు చెప్పింది. పూర్వం ఆ కొండ మీది గిరిజనులు వెలిగించేవారు. గుళ్లో హారతి ఇచ్చేదీ మనిషే కదా, దాంతో భక్తి తగ్గేదేముంది? పందళం నుంచి మోసుకొచ్చిన తిరువాభరణాలు స్వామికి అలంకరించి దీపారాధన చేసేది కూడా ఆ సాయంత్రమే. ఆ రోజు జనం విపరీతం. 2011 జనవరి 14న పుల్లుమేడు తొక్కిసలాటలో వందమందికి పైగా చనిపోయారు. చిన్నపిల్లలతో, ముసలివాళ్లతో ఆ రోజు వెళ్లొద్దు.

## తిరిగొచ్చాక

మాల ఎక్కడ తీయాలి? కొండ దిగగానే తీసేస్తున్నారు కదా.

ఇంటికొచ్చి, గుమ్మం దగ్గర కొబ్బరికాయ కొట్టి, దీపం పెట్టి, తల్లి చేతో గురుస్వామి చేతో మంత్రం చెప్పి తీయించుకోవడం పద్ధతి. పంబలోనే తీసేసి తిరుగుదారిలో హోటల్లో బిర్యానీకి కూర్చునేవాళ్లను చూస్తూనే ఉన్నాం. ఇల్లు చేరేదాకా యాత్ర పూర్తి కానట్టే. తీసిన మాల పూజలో పెట్టుకుని వచ్చే ఏడు మళ్లీ వేసుకోవచ్చు.

దీక్ష పూర్తయింది గానీ శబరిమల వెళ్లలేకపోయాను. ఇరుముడి ఏం చేయాలి?

దగ్గరలోని అయ్యప్ప గుడిలో సమర్పించండి. తూర్పు గోదావరి ద్వారపూడిలో 18 మెట్లతో ఉన్న ఆలయానికి ఇలా వచ్చేవాళ్లు ఎందరో. ఒంట్లో బాగోక ఆగినవాళ్లు మనసు కష్టపెట్టుకోవద్దు.

అరవణ ప్రసాదం ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది?

సీల్ తీయని డబ్బా మీద ముద్రించిన తేదీ వరకు ఉంటుంది. తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టి, తడి లేని చెంచాతో తీసుకుంటూ త్వరగా పంచేయండి. అరవణ బియ్యం, బెల్లం, నెయ్యితో చిక్కగా వండుతారు కాబట్టి షుగర్ ఉన్నవాళ్లకు ఒక చెంచా చాలు. 2023 జనవరిలో యాలకుల్లో పురుగుమందు అవశేషాలు తేలడంతో హైకోర్టు అమ్మకం ఆపించింది, ఆ తర్వాత యాలకులు లేకుండా వండి అమ్మారు. అభిషేకం నెయ్యి గాజు సీసాలో పోసుకుంటే నెలల తరబడి బాగుంటుంది.